సాఫ్టేరు సంబంధం

డీజే డబ్బాలు తయారుచేసే కంపెనీల్లారా, ముందు మిమ్మల్ని బోనెక్కించాలి!

పాట వినే చెవి అందరికీ ఒకటే, గంతులేసే కాలు అందరికీ ఒకటే. మరి డబ్బాకో సాఫ్ట్‌వేరు, సాఫ్ట్‌వేరుకో తాళం, తాళానికో నెల చందా ఎందుకయ్యా? ఈ డబ్బా ఆ సాఫ్ట్‌వేరుతో మాట్లాడదు. ఆ సాఫ్ట్‌వేరు ఈ డబ్బా మొహం చూడదు. ఒకే కుళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న తోడికోడళ్లు కూడా ఇంత పంతం పట్టరు. మీరు పెట్టిన ఈ తాళాల వల్ల గాజువాక పక్కన పాత బోరింగు వీధిలో ఒక నిండు మీసం నేలరాలిపోయేది. దానికి పూచీ ఎవరిది? మీదే!

ఆ మీసం పేరు ఎల్లాజీ. మీసం వెనకాల మనిషి కూడా ఉన్నాడు గానీ, వీధి మలుపులో ముందు మీసం కనిపిస్తుంది, తర్వాతే ఆయన వస్తాడు.

ఎల్లాజీ ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద పనిచేస్తాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా చెవి పక్కన ఇనుము కోసుకుంటూ బతికే మనిషి. అందుకే ఆయనకి గుసగుస అనేది చేతకాదు. రహస్యం చెవిలో చెబితే అవతలి వీధిలో కుక్క లేస్తుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే నడుస్తుంది.

గొడవ గౌరీ పరమేశ్వరుల పండగ మీటింగులో మొదలైంది. పండగ చివర్న గౌరమ్మనీ పరమేశ్వరుణ్ణీ బండెక్కించి, వీధులన్నీ తిప్పి, నీళ్ల దగ్గర సాగనంపుతారు. దాన్నే అనుపు అంటారు. ఆ అనుపుకి పోయినేడు డీజేని కుదిర్చింది పాలబూత్ కన్నబాబు. ఎక్కణ్ణించో ఒక కుర్రాణ్ణి తెచ్చాడు. వాడు ఫోన్లో ఇంటర్నెట్టు పెట్టి పాటలు వేశాడు. సరిగ్గా గౌరమ్మకి హారతి ఇస్తున్నప్పుడు పాట ఆగి, మొలల మందు ప్రకటన మొదలైంది. "కూర్చోలేకపోతున్నారా?" అని ఎనిమిది బాక్సులూ ఒకేసారి అడిగాయి. పూజారిగారు లేచి నిలబడిపోయారు.

ఈ ఏడు మీటింగులో ఎల్లాజీ ఆ సంగతి ఎత్తాడు. ఎత్తినవాడు అక్కడితో ఊరుకుంటాడా? మీసం మీద చెయ్యేశాడు.

"ఇనుకోండి! ఈ అనుపుకి మన వీధి డీజే మన వీధోళ్లదే. బయటోడొచ్చాడంటే నా మీసం తీసీండి!"

కన్నబాబు ఆ మాట గుర్తుపెట్టుకున్నాడు. మర్నాడు పాల ప్యాకెట్ల పక్కన కొత్త బ్లేడు ప్యాకెట్టు పెట్టుకుని కూర్చున్నాడు. ఎల్లాజీ పాలకి వెళ్లిన ప్రతిసారీ, "అరలీటరేనా బావా? గెడ్డం సబ్బు కూడా ఇమ్మంటావా?" అని అడుగుతున్నాడు.

ఇక ఎల్లాజీకి వెనకడుగు లేదు. డీజే కావాలి, లేకపోతే మీసం పోవాలి. బాక్సులకి లోటు లేదు. పెళ్లిళ్లకి సౌండు బాక్సులు అద్దెకిచ్చే సాయిశంకర్ చిన్నప్పటి స్నేహితుడు, ఊరికే ఇస్తానన్నాడు. పాటలు కలిపే డబ్బా, అదే కంట్రోలరు, అది కొనాలి. అది లాప్‌టాపులో సాఫ్ట్‌వేరుతో జత కలిస్తేనే మోగుతుంది.

కొనడానికి అడ్డం ఒకటే. ఇంట్లో ఇదివరకే ఒక కంట్రోలరు ఉంది. పేరు కాంతం.

కాంతానికి ఎల్లాజీ సరదాల చరిత్ర మొత్తం నోటికి వచ్చు. వాయించే కీబోర్డు కొన్నాడు, వీధిలో మేకలు ఇల్లు మారాయి. ఎగిరే డ్రోను కొన్నాడు, అది లేచిన మొదటి రోజే అత్తగారు కాశమ్మ కొప్పులో దిగింది. కొప్పు విప్పడానికి ఆవిడ తన ఊరు పద్మనాభం నుంచి మేనకోడల్ని పిలిపించుకోవాల్సి వచ్చింది. ఆ రోజు కాంతం తీర్మానం చేసింది. "ఈ ఇంట్లోకి ఇంకో ప్లగ్గు వచ్చిందంటే, నువ్వూ నీ ప్లగ్గూ ఇక్కడుండండి, నాను మా అమ్మ కాడికి ఎల్లిపోతాను."

అందుకే ఎల్లాజీ ఈ పని రహస్యంగా చేయాలనుకున్నాడు. రహస్యంగా అంటే ఆయన లెక్కలో మేడ మీదికెక్కి ఫోను మాట్లాడటం.

"బావా," అన్నాడు సాయిశంకర్ ఫోన్లో, "ముందు సాఫ్టేరు ఖాయం సేసుకో. దానికి జత కుదిరే కంట్రోలరు తర్వాత సూడు. పెళ్లికొడుకు ఖాయమవకుండా మండపం బుక్ సేత్తారేటి ఎవరైనా?"

"ఏయే సాఫ్టేర్లున్నాయి?" అని ఎల్లాజీ గుసగుసలాడాడు. కింద వీధిలో ఇస్త్రీ చేస్తున్నావిడ తల పైకెత్తింది.

"మూడు రకాలు బావా. ఒకటి ఫ్రీయే. గాని కంట్రోలరు తగిలించిన కాసేపటికి డబ్బులడుగుతాది, ఇవ్వకపోతే నోరు మూసీసుకుంటాది. రెండోదానికి నెల నెలా చందా. మూడోది దాని జాతి కంట్రోలరుకి వైరు గుచ్చితేనే తలుపు తీత్తాది. గుచ్చీసేవా, మరి పైసా అడగదు."

"లైట్లు దేనికెక్కువ?"

"లైట్లు సాఫ్టేరుకుంటాయేటి బావా? కంట్రోలరుకుంటాయి."

"అయితే నాను కంట్రోలరే ముందు సూత్తాను."

"అదే వొద్దంటన్నాను! ముందు సాఫ్టేరు! జత కుదరాలి, జత!"

"సరే, సరే, ముందు సాఫ్టేరే సూత్తాను! మంచి సాఫ్టేరు కుదిరిందాకా ఎవర్తోటీ అనీకు. కాంతానికి అసలు తెలీకూడదు!"

ఈ ఆఖరి మాట ఎంత గుట్టుగా అన్నాడంటే, మేడ మెట్ల మీద బట్టల బకెట్టుతో వస్తున్న కాంతానికి అక్షరం పొల్లుపోకుండా వినిపించింది.

"ఏటి మావా, ఏటి నాకు తెలీకూడదు?"

ఎల్లాజీ ఫోను జేబులో పెట్టబోయి బకెట్లో వేశాడు.

"ఏటీ నేదే! ఊరికే!"

"సాఫ్టేరు సూత్తన్నానంటన్నావు. కుదరాలంటన్నావు. ఎవరికి?"

మన దేశంలో సాఫ్ట్‌వేరు చూడటం, జత కుదరడం అనే మాటలు ఒకే వాక్యంలో వస్తే దానికి ఒక్కటే అర్థం. ఆ అర్థం ఎల్లాజీకి అప్పుడే తట్టింది. మునిగిపోతున్న మనిషికి తాడు దొరికినట్టు పట్టేసుకున్నాడు.

"ధనశ్రీకే! నీ సెల్లెలికి సాఫ్టేరు సంబంధం సూత్తన్నాను. ఖాయమైందాకా నీకు సెప్పకూడదనుకున్నాను."

కాంతం ఆయన్ని ఎగాదిగా చూసింది. బకెట్లోంచి ఫోను తీసి, చీర చెంగుతో తుడిచి, చేతిలో పెట్టింది.

"ఎంత మంచోడివి మావా," అంది.

ఆ గొంతులో ఏదో ఉంది. లేత్ మిషన్ చెవికి అది అందలేదు.

ఎల్లాజీ పొంగిపోయాడు. ఇక ఎంత గట్టిగా కావాలంటే అంత గట్టిగా సాఫ్ట్‌వేరు గురించి మాట్లాడుకోవచ్చు! అబద్ధం ఆడితే ఇంత సుఖంగా ఉంటుందని తెలిస్తే కీబోర్డు రోజుల్లోనే మొదలుపెట్టేవాడు.

ఆ సుఖం మర్నాటి మధ్యాహ్నం దాకా ఉంది. మర్నాడు పద్మనాభం బస్సు దిగి కాశమ్మ వచ్చింది. ఒక చేతిలో అరిసెల డబ్బా, ఇంకో చేతిలో కోడిపుంజు. కాళ్లు కడుక్కోకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏ కంపెనీ, నాయినా?"

"బయట దేశం కంపెనీ అత్తా," అన్నాడు ఎల్లాజీ. అది నిజమే.

"అబ్బో! గుంటడు ఎలాగుంటాడు?"

ఎల్లాజీకి ఫోన్లో చూసిన కంట్రోలరు బొమ్మ తప్ప ఇంకేమీ తోచలేదు. "నల్లగా, పల్సగా ఉంటాడు. సంకలో పెట్టుకుని పట్టుకెళిపోవచ్చు."

"సంకలోనా?"

"అంటే... ఒళ్లు సేసిన మనిషి కాదని."

"ఒంట్లో రోగం రొష్టు ఏటీ నేదు కదా?"

"ఏడాది గ్యారంటీ ఉందత్తా."

వంటగదిలో ఏదో గిన్నె కింద పడింది. కాంతం దాన్ని తీయడానికి వంగి చాలాసేపు లేవలేదు.

"ఉజ్జోగంలో ఏ మెట్టు మీదున్నాడు?"

"ఎంట్రీ లెవెలు. మొదటి మెట్టే. గాని మనలాంటోళ్లకి అది సాలు."

"తన కాళ్ల మీద తాను నిలబడగలడా?"

"నిలబడలేడత్తా. లాప్‌టాపుకి తగిలిత్తే గాని నోరు లెగదు."

"పోన్లే, నోరు లెగకపోతే మా గుంట సుకపడతాది. ఇంకేటి ఉన్నాది?"

"రెండు ఛానెళ్లున్నాయి."

"సేనళ్లేటి?"

"అంటే ఒకదాని మీద ఒకటి నడుత్తుంటే, అది అవకముందే రెండోదాని మీద ఇంకోదాన్ని రెడీగా పెట్టుకుంటాడన్నమాట. దీన్ని తగ్గించి, దాన్ని పెంచుతాడు. మారినట్టు ఎవళికీ తెలీదు!"

కాశమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో! ఒకర్తి ఉండగానే ఇంకోర్తినా? అదీ ఎవళికీ తెలీకుండానా?"

"కాదత్తా, కాదు! అలాటోడు కాదు! ఆడు లాక్ అయిపోయుంటాడు. ఒకళ్లతో జత కుదిరితే మరి ఇంకెవళితోటీ పనిసెయ్యడు!"

"అదీ మాట," అని కాశమ్మ నెమ్మదించింది. "ఆదోరం తీసుకురా. సూసీద్దాం."

"ఈ ఆదివారమా?"

"కోడిపుంజు అందాకా ఆగుతాది. నాను ఆగను."

ఇంకెవరైనా అయితే ఆ క్షణంలో నిజం చెప్పేసేవారు. ఎల్లాజీ మాత్రం కంట్రోలరు కొనేశాడు.

సాయిశంకర్ చెప్పిన వరస ఏమిటి? ముందు సాఫ్ట్‌వేరు, తర్వాత కంట్రోలరు. ఎల్లాజీ చేసిందేమిటి? లైట్లు లెక్కపెట్టుకుని, ఎక్కువ లైట్లున్న డబ్బా కొనుక్కుని, ఆ తర్వాత సాఫ్ట్‌వేరు సంగతి ఆలోచించాడు. డబ్బాని ఇంటికి తెచ్చి అటక ఎక్కించాడు. ఆ అటక ఆయన సరదాల శ్మశానం. కీబోర్డు అక్కడే, డ్రోను అక్కడే. డ్రోను అట్టపెట్టెలో కంట్రోలరు దాచాడు. కొప్పు గొడవ తర్వాత కాంతం ఆ పెట్టె మొహం చూడదని ఆయన ధీమా.

కాంతం తల్లిని వెంటబెట్టుకుని సంతకి వెళ్లినప్పుడు మొదటి ప్రయత్నం జరిగింది. మరదలు ధనశ్రీ కాలేజీ రోజుల లాప్‌టాపు ఒకటి ఆ ఇంట్లోనే ఉంది. అందులోకి 'ఫ్రీ' అని రాసున్న సాఫ్ట్‌వేరుని దింపాడు. వైరు గుచ్చాడు. లైట్లన్నీ వెలిగాయి! ఎల్లాజీ మొహం కూడా వెలిగింది. చక్రం మీద చెయ్యేసి తిప్పాడు. జీవితమంతా లేత్ చక్రాలు తిప్పిన చెయ్యి, దీన్నో లెక్కా అనుకున్నాడు.

చక్రం తిరిగింది. పాట తిరగలేదు. సగం బటన్లు పలికాయి, సగం అలిగాయి. మొత్తానికి ఒక పాట అందుకుంది. ఎల్లాజీ లుంగీ ఎగ్గట్టి ఒక గంతు వేశాడు. రెండో గంతుకి పైకి లేచి ఉండగా పాట ఆగిపోయింది. ఆయన నిశ్శబ్దంలో కిందికి దిగాడు. తెర మీద ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. అందులో 'లైసెన్స్' అనే ఒక్క మాట అర్థమైంది.

"శంకరా," అని ఫోన్లో గుసగుసలాడాడు. ఇస్త్రీ ఆవిడ పెట్టె పక్కన పెట్టి మరీ వినసాగింది. "డీజేకి లైసెన్సు కావాలంటరా. ఆర్టీవో ఆఫీసుకెళ్లాలా?"

అవతల సాయిశంకర్ తల బాదుకున్న చప్పుడు వినిపించింది. "బావా, ఏ సాఫ్టేరు వేసేవు?"

"ఫ్రీది."

"నోరు మూసీసుకుంటాదని సెప్పాను కదా!"

"నువ్వు సెప్పిందానికి లైట్లు నేవు కదరా!"

"లైట్లు సాఫ్టేరుకి... ఒరే బావా, నాను బాక్సులు మోసీవోణ్ణి. ఇంతకుమించి నాకు తెలీదు. తెలిసినోళ్లని అడుగు."

తెలిసినవాళ్లు ఎవరు? ధనశ్రీ. రోజూ పద్మనాభం నుంచి బస్సులో వచ్చి మద్దిలపాలెంలో కంప్యూటర్ల షాపులో పనిచేసే ధనశ్రీకి ఇవన్నీ మంచినీళ్ల ప్రాయం. కానీ ఆ పిల్లని అడగటం ఎలా? ఆ పిల్లకే కదా సంబంధం చూస్తున్నది!

ఆ వారమంతా ఎల్లాజీకి నరకమే. బయట కన్నబాబు బ్లేడు ప్యాకెట్టు విప్పి ఒక్కొక్క బ్లేడూ ఎండకి పట్టి చూస్తున్నాడు. ఇంట్లో కాశమ్మ అల్లుడు కనిపించినప్పుడల్లా, "లాక్ అయిన గుంటడు ఎప్పుడొత్తాడు?" అంటోంది.

కాంతం తీరు కూడా వింతగా ఉంది. రెండు కుక్కర్లు ఒకేసారి పొయ్యెక్కిస్తోంది. మొదటి కుక్కరు విజిల్ ఆగీ ఆగకుండానే రెండో కుక్కరు అందుకునేట్టు మంట తగ్గిస్తోంది, పెంచుతోంది. సరిగ్గా అందుకున్నప్పుడు తనలో తాను తలాడిస్తోంది. అట్లు తిప్పుతూ "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అని లెక్కపెడుతోంది.

"ఎన్ని అట్లు పోత్తన్నావే?" అన్నాడు ఎల్లాజీ.

"నాలుక్కొకసారి తిప్పాలి మావా. నేకపోతే తేడా కొడతాది," అంది కాంతం.

ఎల్లాజీ నాలుగు అట్లు తిని వెళ్లిపోయాడు.

శనివారం సాయంత్రం ఆయన సాయిశంకర్ కాళ్లు పట్టుకున్నంత పని చేశాడు. "రేపు ఒక్క గంట సాఫ్టేరోడిలాగ వచ్చి కూకోరా."

"నాకు పెళ్లయి ఇద్దరు పిల్లలు బావా. మీ అత్త నా పెళ్లికొచ్చి అప్పడాలు బాగులేవని నా మొహం మీదే అన్నాది. ఎలాగ మర్చిపోద్ది?"

"మీసం పెట్టుకురా."

"నీది ఎలాగూ పోద్ది కదా, అదివ్వు పెట్టుకొత్తాను."

స్నేహితులు ఇలాంటప్పుడే కదా గుర్తుండిపోయేది.

ఆదివారం ఉదయం ఎల్లాజీ గడ్డం గీసుకుంటూ అద్దంలో మీసాన్ని ఆఖరిసారి చూసినట్టు చూసుకున్నాడు. అన్నీ ఒప్పేసుకుందామని నిశ్చయించుకున్నాడు. వీధి చివరిదాకా నడిచి, ధైర్యం కూడగట్టుకుని, వెనక్కి వచ్చి గుమ్మంలో అడుగుపెట్టాడు.

హాల్లో జంపఖానా పరిచి ఉంది. పళ్లేల్లో అరిసెలు, మిక్చరు. కాశమ్మ పట్టుచీర కట్టుకుని కూర్చుంది. ధనశ్రీ పక్కన కాలు మీద కాలేసుకుని కూర్చుని మిక్చరులో వేరుశెనగలు ఏరుకు తింటోంది. పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్ల వాలకం ఎక్కడా లేదు.

"అత్తా," అన్నాడు ఎల్లాజీ. గొంతు నిజంగానే తగ్గింది, పెళ్లయ్యాక మొదటిసారి. "సాఫ్టేరోడు... రాడు. అసలు నేడు."

"ఎందుకు నేడు?" అంది కాంతం వంటగదిలోంచి వస్తూ. "వచ్చీసేడు. నువ్వు రాకముందే వచ్చి కూకున్నాడు. కాఫీ కూడా వొద్దన్నాడు."

ఎదురుగా కుర్చీలో ఏదో ఉంది. మీద కొత్త తువ్వాలు కప్పి ఉంది. తువ్వాలు మీద బంతిపూల దండ. కాంతం తువ్వాలు లాగింది.

కంట్రోలరు! నల్లగా, పల్చగా, నుదుటి మీద బొట్టు పెట్టుకుని కూర్చుని ఉంది. పక్కన పీట మీద లాప్‌టాపు. రెండింటికీ మధ్య వైరు, వైరుకి పసుపు ముద్ద.

"సూసుకో నాయినా," అంది కాశమ్మ. "ఒళ్లు సేసిన మనిషి కాదు. సంకలో పెట్టుకుని పట్టుకెళిపోవచ్చు."

ఎల్లాజీ గోడకి చేరగిలబడ్డాడు. "నీక్కూడా తెలుసా అత్తా?"

"బస్సెక్కినప్పుడే తెలుసు. కాంతం ఫోన్లో అంతా సెప్పీసింది. నా కొప్పు పాడుసేసినోణ్ణి ఊరికే వదుల్తాననుకున్నావేటి?"

"నీకు ఎప్పుడు తెలిసిందే?" అని పెళ్లాన్ని అడిగాడు.

"మేడ మీద నువ్వు గుసగుసలాడినప్పుడు. నువ్వు గుసగుసలాడితే మావా, పోర్టులో ఓడలు ఎనక్కెళిపోతాయి. మొదట్నించి ఆఖరిదాకా ఇన్నాను. నీ మీసం సంగతైతే ఇస్త్రీ ఆవిడ అంతకుముందే సెప్పింది."

"మరి సంబంధం అంటే మంచోణ్ణన్నావు కదా!"

"ఎంత దూరం పాకుతావో సూద్దామనుకున్నాను. గ్యారంటీ దాకా పాకేవు!"

ధనశ్రీ వేరుశెనగలు పక్కన పెట్టింది. "బావా, నీకు తిట్లు తర్వాత. ముందు ఇది చూడు. నువ్వు కొన్న డబ్బా మంచిదే. దాని సాఫ్ట్‌వేర్ దానికుంది, ఫ్రీగా దింపుకోవచ్చు. ఈ వైరు గుచ్చగానే తాళం దానంతటదే తెరుచుకుంటుంది. నువ్వేమో దీన్ని ఇంకోదానికిచ్చి కట్టబెట్టావు. కాపరం కుదురుతుందా?"

"అంటే ఇదా మూడో రకం?"

"ఇదే."

"శంకరుగాడు సెప్పిందే?"

"శంకరన్న చెప్పిందే."

ఎల్లాజీకి ప్రాణం లేచొచ్చింది. మీసం దానంతటదే మళ్లీ పైకి లేచింది. "అయితే జరగండి, నాను కొడతాను!" అని కుర్చీ దగ్గరికి దూకాడు.

కాంతం చెయ్యి అడ్డం పెట్టింది. హెడ్‌ఫోన్సు తీసి, ఒక చెవి మీదికి ఎక్కించి, రెండో చెవి వదిలేసింది. ఒక పాట వేసింది. అది నడుస్తుండగానే రెండో చక్రాన్ని వేలితో ముందుకీ వెనక్కీ నిమిరింది. పెదాలు ఒకటి, రెండు, మూడు, నాలుగు అంటున్నాయి. మధ్యలో ఉన్న మీటని నెమ్మదిగా కుడిపక్కకి జరిపింది. మొదటి పాట ఎప్పుడు దిగిందో, రెండో పాట ఎప్పుడు ఎక్కిందో ఎవరికీ తెలియలేదు. కుక్కరు విజిల్ ఆగలేదు, అంతే.

కాశమ్మ పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని లేచింది. ఆవిడ వేసిన గంతుకి అరిసెల పళ్లెం కూడా తాళం వేసింది. బయట ఇస్త్రీ ఆవిడ పెట్టె వదిలేసి లోపలికి వచ్చేసింది. ఆ రోజు వీధిలో మూడు చొక్కాలు మాడిపోయాయి.

"ఎప్పుడు నేర్సుకున్నావే?" అన్నాడు ఎల్లాజీ నోరు తెరుచుకుని.

"నువ్వు ఆటోనగర్ ఎళ్లగానే అటకెక్కేదాన్ని. ధనశ్రీ ఫోన్లో సెప్పేది, నాను సేసేదాన్ని. నువ్వొచ్చే ఏలకి మళ్లీ డ్రోను పెట్టెలో పెట్టీసేదాన్ని. అంతే కదా మావా! ఒక పొయ్యి మీద పప్పు దిగకముందే రెండో పొయ్యి మీద పోపు రెడీ అవ్వాలి. ఇన్నేళ్లూ అదే కదా సేత్తన్నాను. దీనికైతే లైట్లు కూడా ఉన్నాయి."

"మరి ప్లగ్గొస్తే పద్మనాభం ఎళ్లిపోతానన్నావు?"

"అది నీ ప్లగ్గుకి. ఇది నా ప్లగ్గు."

"అనుపుకి నాను కొడతానని మాటిచ్చాను కదే!"

కాంతం హెడ్‌ఫోన్సు మెడలో వేసుకుంది. "ఏటని మాటిచ్చేవో గుర్తుసేసుకో. ఇస్త్రీ ఆవిడ కూడా మీటింగులో ఉంది."

ఎల్లాజీ గుర్తుచేసుకున్నాడు. ఎంత గుర్తుచేసుకుంటే అంత నీరసం వచ్చింది.

అనుపు రోజు వచ్చింది. గౌరమ్మ, పరమేశ్వరుడు పూల బండెక్కారు. వాళ్ల వెనక తప్పెటగుళ్ల బృందం, ఆ వెనక సాయిశంకర్ బాక్సులు పేర్చిన వ్యాను. వ్యాను మీద నీలం చీర, నల్ల హెడ్‌ఫోన్సు, నుదుట బొట్టు, నోట్లో కిళ్లీతో కాంతం. పాత బోరింగు వీధి మొత్తం రోడ్డు మీదే ఉంది. తప్పెటగుళ్ల వాళ్లు అందుకున్నప్పుడు కాంతం సౌండు తగ్గించి, వాళ్ల దరువు తన చెవిలో పట్టుకుని, వాళ్లు గుక్క తిప్పుకునే చోట సరిగ్గా అదే నడకలో తన పాట దింపింది. గుండెల మీద తప్పెట్లు కట్టుకున్న పెద్దాయన వెనక్కి తిరిగి చూసి, వ్యాను వైపు ఒక దణ్ణం పెట్టి, ఇంకా గట్టిగా గెంతాడు. హారతి దగ్గర ఏ ప్రకటనా రాలేదు. పూజారిగారు హాయిగా కూర్చున్నారు.

అప్పుడు వచ్చాడు కన్నబాబు, బ్లేడు పట్టుకుని.

"ఎల్లాజీ బావ కొట్టలేదు! ఇది సెల్లదు! మీసం తియ్యాల!"

కాంతం పాట ఆపలేదు. ఒక్క వేలితో సౌండు తగ్గించి, మైకు అందుకుంది. "కన్నబాబూ! మీటింగులో మా మావ ఏటన్నాడు? 'మన వీధి డీజే మన వీధోళ్లదే' అన్నాడు. నాను ఏ వీధిదాన్నో నువ్వే సెప్పు. రోజూ అరలీటరు పాలు ఏ వీధోళ్లకి ఇత్తన్నావు?"

వీధంతా ఈల వేసింది. కన్నబాబు బ్లేడు కేసి చూసుకున్నాడు. చివరికి దాంతో కొబ్బరికాయకి చుట్టిన దారం కోసి, గౌరమ్మకి కాయ కొట్టి, అదే ఊపులో గెంతుల్లో కలిసిపోయాడు. బాగా గెంతుతాడు కూడానూ, ఎవరికీ తెలియదు.

అయితే ఎల్లాజీ ఎక్కడ?

ఊరేగింపుకి అందరికంటే ముందున్నాడు. చేతిలో పొడుగాటి వెదురు బొంగు. రోడ్డుకి అడ్డంగా వేలాడే కేబుల్ వైర్లని బొంగుతో పైకెత్తి బండిని దాటిస్తున్నాడు. ఆ పని కాంతమే ఇచ్చింది.

జంక్షన్ దగ్గరికి వచ్చేసరికి ఆయనలో తిరుగుబాటు పుట్టింది. బొంగు నేల మీద పాతినట్టు పెట్టి నిలబడ్డాడు. ఊరేగింపు ఆగింది. పరమేశ్వరుడు కూడా ఆగాడు.

"నాకు ఒక్క పాట ఇత్తేగాని వైరెత్తను!" అని గుసగుసలాడాడు. గాజువాక అంతా వింది.

కాంతం మైకులో, "కన్నబాబూ, ఇంకో బ్లేడుందా?" అంది.

"ప్యాకెట్టుంది అక్కా!" అన్నాడు కన్నబాబు గెంతుతూనే.

బొంగు లేచింది. వైరు లేచింది. బండి కదిలింది. మీసం కింద ఒక వెర్రి నవ్వు కూడా లేచింది. ఆయన చెయ్యి బొంగు మీద ఉందే గానీ, కాళ్లు పెళ్లాం వేసిన పాటకి అంతకుముందే లొంగిపోయాయి.

ఇదీ జరిగింది. ఇప్పుడు జరగాల్సింది చెబుతున్నాను, వినండి.

డబ్బాలు చేసే కంపెనీల్లారా, ఏ డబ్బా ఏ సాఫ్ట్‌వేరుతో కాపరం చేస్తుందో పెట్టె మీద తెలుగులో, పెద్ద అక్షరాల్లో, లేత్ మిషన్ దగ్గర పనిచేసేవాడికి కూడా కనిపించేట్టు రాయాలి. రాసి తీరాలి.

కాంతమ్మా! నువ్వు బాగా కొట్టావు, కాదనేవాళ్లు లేరు. వచ్చే ఏడు కూడా వ్యాను నీదే, చక్రాలు నీవే. కానీ ఆ డబ్బా తెచ్చింది ఎవరు? మీసం పణం పెట్టింది ఎవరు? చేతులు నొప్పెట్టేలా వైర్లన్నీ ఎత్తింది ఎవరు? కాబట్టి మా డిమాండు ఇదీ: వచ్చే అనుపుకి ఎల్లాజీకి ఒక్క పాట ఇవ్వాలి. ఒక్కటంటే ఒక్కటే. ఇవ్వాల్సిందే! ఫ్రీ సాఫ్ట్‌వేరు మీద ఇచ్చినా సరే, మధ్యలో ఆగినా సరే.

లైట్లు మాత్రం అన్నీ వెలగాలి.